పట్టా పెరిగితే జీతం పెరుగుతుందా?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా కొన్నేళ్లు పనిచేసిన మన తెలుగువాళ్లలో చాలామందిని వదలని ప్రశ్న ఒకటుంది: ఇప్పుడు మాస్టర్స్ చెయ్యాలా, వద్దా? హైదరాబాద్‌లో ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాసి, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లు గడిపి, డాలస్‌లోనో షికాగోలోనో ఒక ఆసుపత్రిలో కుదురుకుని, నైట్ డ్యూటీలకూ పిల్లల బడివేళలకూ మధ్య ఇల్లు నెట్టుకొస్తున్న మనిషికి ఇది చిన్న ప్రశ్నేం కాదు. చుట్టుపక్కలవాళ్లు చెప్పే జవాబు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "చదివెయ్యి, జీతం దానంతటదే పెరుగుతుంది." ఆ 'దానంతటదే' దగ్గరే నాకు పేచీ. మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ మీకు ఇచ్చేది కొత్త పని చెయ్యడానికి అర్హత. ఆ పనికి డబ్బు ఎవరు కడతారు, ఎవరి పేరు మీద కడతారు, ఏ రాష్ట్రపు చట్టం కింద కడతారు అన్న మూడు సంగతులే మీ జీతాన్ని తేలుస్తాయి. కాలేజీకి దరఖాస్తు పెట్టకముందే వీటిని ఆరా తీసినవాళ్లకూ, పట్టా చేతికొచ్చాక తెలుసుకున్నవాళ్లకూ మధ్య ఉద్యోగ జీవితం మొత్తం మీద వచ్చే తేడా లక్షల డాలర్లలో ఉంటుంది.

ముందు అంకెలు చూద్దాం. మాస్టర్స్ లేదా ఆపై చదువుతో చేసే అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సింగ్‌లో అమెరికా గుర్తించిన పాత్రలు నాలుగు: రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్, ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే నర్స్ అనస్థటిస్ట్, కాన్పులు చేసే నర్స్ మిడ్‌వైఫ్, ఒక విభాగం మొత్తానికి చికిత్సా ప్రమాణాలు చూసుకునే క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్. అక్కడి కార్మిక శాఖ 2024 మే నెలకు ఇచ్చిన లెక్కల ప్రకారం మధ్యస్థ వార్షిక జీతం, అంటే అందర్నీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలిచే మనిషి జీతం, మామూలు రిజిస్టర్డ్ నర్సుకు 93,600 డాలర్లు. నర్స్ ప్రాక్టీషనర్‌కు 1,29,210. మిడ్‌వైఫ్‌కు 1,28,790. అనస్థటిస్ట్‌కు 2,23,210. నాలుగో పాత్ర అయిన క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్‌కు అంకె లేదు. ఉండకపోవడానికి కారణం, ప్రభుత్వం వాళ్లను విడిగా లెక్కపెట్టదు, రిజిస్టర్డ్ నర్సుల పద్దులోనే కలిపేస్తుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు చూపించడానికి ప్రభుత్వ లెక్క ఒక్కటి కూడా లేని పాత్ర అది. ఇక అదే మాస్టర్స్, చాలాచోట్ల డాక్టరేట్ కూడా, ఉండి కాలేజీల్లో నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్ల మధ్యస్థ జీతం 80,000 డాలర్ల పరిసరాల్లో ఉంది. అంటే తాము చదువు చెప్పి పంపిన నర్సు కన్నా పాఠం చెప్పిన టీచరుకే తక్కువ. చదివిన ఏళ్లు ఇంచుమించు అవే అయినా ఒకరికి 80 వేలు, ఒకరికి లక్షా 30 వేలు, ఒకరికి రెండు లక్షల 20 వేలు. జీతాన్ని నిర్ణయించేది డిగ్రీయే అయితే ఇంత ఎడం రాకూడదు.

మరి నిర్ణయించేదేమిటి? ఒక మామూలు క్లినిక్‌లో ఒక మామూలు విజిట్ దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. షుగరూ బీపీ రెండూ ఉన్న పెద్దాయన వచ్చాడు. నర్స్ ప్రాక్టీషనర్ ఆయన రిపోర్టులు చూసి, మందుల మోతాదు మార్చి, కిడ్నీ పరీక్ష రాసి, అరగంటలో పంపించింది. ఆ విజిట్ 99214 అన్న కోడ్ మీద బిల్లవుతుంది. ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ ఆ కోడ్‌కు డాక్టరుకు వంద డాలర్లిస్తే నర్స్ ప్రాక్టీషనర్ తన సొంత బిల్లింగ్ నంబరు మీద బిల్లు వేసినప్పుడు ఇచ్చేది ఎనభై అయిదు. ఇది 1997 నాటి చట్టంతో దేశమంతటా అమల్లోకి వచ్చిన నియమం. దీని పక్కనే ఇంకో నియమం ఉంది. చికిత్సను మొదట డాక్టరు మొదలుపెట్టి, ఈ విజిట్ సమయంలో డాక్టరు పర్యవేక్షణ అందుబాటులో ఉంటే, అదే పనిని డాక్టరు నంబరు మీద 'ఇన్సిడెంట్ టు' పద్ధతిలో బిల్లు వేసి నూటికి నూరూ రాబట్టుకోవచ్చు. క్లినిక్‌కు అది లాభం కాబట్టి చాలా క్లినిక్‌లు వీలున్న చోటల్లా అదే చేస్తాయి. పని చేసింది నర్సు. లెక్కల్లో పేరు మాత్రం డాక్టరుది. ఏడాది చివర జీతం పెంచమని అడిగినప్పుడు మేనేజరు తీసి చూపించే ఉత్పాదకత రిపోర్టులో ఆమె పేరు కింద విజిట్లు అరకొరగా ఉంటాయి. ఆమె బద్ధకించిందేమీ లేదు, బిల్లు మీద ఆమె లేదు, అంతే. మాస్టర్స్ కోర్సులో ఫార్మకాలజీ నేర్పుతారు, పాథోఫిజియాలజీ నేర్పుతారు. మీ పని ఎవరి నంబరు మీద బిల్లవుతుందో మీరే అడిగి తెలుసుకోవాలి.

అనస్థటిస్టుల జీతం అంత ఎత్తున ఎందుకుందో కూడా ఈ కోణం నుంచి చూస్తేనే అర్థమవుతుంది. మెడికేర్ నుంచి నేరుగా చెల్లింపు పొందే హక్కు వాళ్లకు 1986 చట్టంతోనే దక్కింది. నర్సింగ్‌లో అందరికన్నా ముందు దాన్ని సాధించుకున్నది వాళ్లే. నర్స్ ప్రాక్టీషనర్ అనే పాత్ర 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ అనే ఇద్దరి చొరవతో మొదలైంది గానీ, ఊరూ పట్టణమూ తేడా లేకుండా సొంతంగా మెడికేర్ బిల్లు వేసే హక్కు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. దానికి తోడు ఆపరేషన్ థియేటర్ ఆసుపత్రికి ప్రధాన ఆదాయ వనరు. మత్తు ఇచ్చే మనిషి లేకపోతే ఆ రోజు సర్జరీలు ఆగిపోతాయి. సీట్లు తక్కువ. ఐసీయూ వంటి చోట కనీసం ఏడాది అనుభవం లేనిదే చేర్చుకోరు, 2022 నుంచి కొత్తగా చేరేవాళ్లందరికీ కోర్సు డాక్టరేట్ స్థాయిలోనే ఉండాలి. ఇంకో సంగతీ గమనించాలి. అమెరికా నర్సుల్లో మగవాళ్లు ఎనిమిదో వంతు మాత్రమే ఉంటే, నర్స్ అనస్థటిస్టుల్లో పదికి నలుగురి దాకా మగవాళ్లే. ఆడవాళ్లు ఎక్కువగా చేసే పనికి ధర తక్కువ కట్టే అలవాటు వైద్యరంగంలోనూ ఉందని నేను నమ్ముతాను. మిడ్‌వైఫుల సంగతి దానికి సాక్ష్యం. 2011 నుంచి మెడికేర్ వాళ్లకు డాక్టరుతో సమానంగా నూటికి నూరూ చెల్లిస్తోంది. కానీ మెడికేర్ ప్రధానంగా 65 దాటిన వాళ్ల బీమా. ఆ వయసులో కాన్పులుండవు కదా! కాన్పుల్లో పదికి నాలుగింటికి డబ్బు కట్టేది తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్, దాని రేట్లు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. అర్ధరాత్రి పిలుపులు అందుకునే మిడ్‌వైఫ్ జీతం, పగటి క్లినిక్ చూసుకునే నర్స్ ప్రాక్టీషనర్ జీతం దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఖర్చు వైపు లెక్క. కాలేజీ వెబ్‌సైట్లో కనపడే ఫీజు మీద నిర్ణయం తీసుకునేవాళ్లు అసలు ఖర్చును వదిలేస్తారు. అసలు ఖర్చు, చదువుకునే కాలంలో మీరు కోల్పోయే జీతం. ఉదాహరణకు నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు 50,000 డాలర్లు ఫీజు అనుకుందాం. రెండేళ్లు సగం డ్యూటీలే చేస్తూ చదివితే పోయే జీతం 93,600. రెండూ కలిపి 1,43,600. చదువు తర్వాత మధ్యస్థ జీతాల్లో పెరిగేది ఏడాదికి 35,610. ఈ లెక్కన పెట్టింది తిరిగి రావడానికి నాలుగేళ్లు. అనస్థీషియా కోర్సుకు మూడేళ్లు, ఫీజు లక్షన్నర అనుకుందాం. ఆ మూడేళ్లూ ఉద్యోగం చేస్తూ చదవడం దాదాపు అసాధ్యం కాబట్టి పోయే జీతం 2,80,800. మొత్తం 4,30,800. చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ తర్వాత ఏడాదికి పెరిగేది 1,29,610. పెట్టుబడి మూడేళ్ల నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. పన్నులూ వడ్డీ కలిపితే రెండు లెక్కలూ ఇంకొంత సాగుతాయి గానీ, మూడు రెట్లు ఖరీదైన దారి చదువు పూర్తయ్యాక ముందుగా గట్టెక్కిస్తుందన్న మాట మారదు. ఇది చూసి అందరూ మత్తు విభాగానికే పరుగెత్తాలని నేననను. ఐసీయూలో ఒత్తిడి భరించలేని మనిషికి ఆ థియేటర్ జీవితాంతం శిక్ష. నేను చెప్పేది, ఫీజు తక్కువనే కారణంతో దారి ఎంచుకోకండి అని. మీ రాష్ట్రపు జీతాలతో, మీరు అడిగి కనుక్కున్న ఫీజుతో ఈ నాలుగు లైన్ల లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. అర్ధగంట పని.

ఆ కాగితం మీద అప్పు కూడా రావాలి. 2025 జులైలో వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం ఉండదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకు ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు పరిమితి. చట్టం 'వృత్తి డిగ్రీ' అని పిలిచే వాటికి ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. నర్సింగ్‌ను రెండో వర్గంలో పెట్టకపోవడం మీద నర్సుల సంఘాలు గట్టిగా పోరాడుతున్నాయి. మీరు చేరబోయే కోర్సు ఏ వర్గంలోకి వస్తుందో కాలేజీ నుంచి రాతలో తెప్పించుకోండి. ఈ రుణాలు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ గానీ, హెచ్-1బీ మీదో హెచ్-4 మీదో ఉన్నవాళ్లకు దొరకవు. ఇక రుణం తీసుకున్నవాళ్లు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు, లాభాపేక్ష లేని ఆసుపత్రిలో పదేళ్లు, అంటే 120 నెలవారీ వాయిదాలు, నియమం ప్రకారం కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అయ్యే పథకం ఒకటి 2007 నుంచి ఉందని మరవకూడదు. అప్పు లక్ష ఉన్నవాళ్లకు లాభాపేక్ష లేని ఆసుపత్రి ఇచ్చే 1,20,000, ప్రైవేటు క్లినిక్ ఇచ్చే 1,28,000 కన్నా మేలు కావచ్చు.

మన వాళ్లు ప్రత్యేకంగా పొరబడే చోటు ఇంకొకటి. ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం నుంచో కాళోజీ విశ్వవిద్యాలయం నుంచో ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి వెళ్లినవాళ్లు, తమ దగ్గర మాస్టర్స్ ఉంది కాబట్టి అమెరికాలో ఒక పరీక్ష రాసి నర్స్ ప్రాక్టీషనర్ అయిపోవచ్చు అనుకుంటారు. కుదరదు. అక్కడి గుర్తింపు పొందిన కోర్సులో చేరి, ఆ పాత్రకు నిర్దేశించిన క్లినికల్ గంటలు పూర్తి చేసి, జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాస్తేనే లైసెన్స్. నర్స్ ప్రాక్టీషనర్‌కు ఆ గంటలు కొత్త ప్రమాణాల ప్రకారం కనీసం 750. కొన్ని కాలేజీలు ఆ గంటలు నేర్పే ప్రిసెప్టర్‌ను విద్యార్థినే వెతుక్కోమంటాయి. దొరక్క డబ్బిచ్చి కుదుర్చుకునేవాళ్లున్నారు, దొరకలేదని సెమిస్టర్ పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి "ప్రిసెప్టర్‌ను మీరే చూపిస్తారా?" అన్నది ఫీజు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. మన ఎమ్మెస్సీ వృథా అని దీనర్థం కాదు. ఆ క్రెడిట్లలో కొన్నింటిని బదిలీ చేసుకునే వీలుందేమో ప్రతి కాలేజీనీ విడిగా అడగాలి. వీసా కోణం కూడా ఉంది. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం చాలా కష్టం, మాస్టర్స్ తప్పనిసరైన ఈ పాత్రలకు అవకాశం ఉంది. భర్త వీసా మీద ఆధారపడి ఉంటున్న నర్సుకు ఇది జీతం కన్నా పెద్ద విషయం కావచ్చు.

స్థలం గురించి చెప్పకపోతే ఈ లెక్కలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. కాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ నర్సు సగటు జీతం 2024లో లక్షా 48 వేల డాలర్ల దాకా ఉంది. అంటే దేశం మొత్తం మీద నర్స్ ప్రాక్టీషనర్ మధ్యస్థ జీతాన్ని అక్కడి వార్డు నర్సు మాస్టర్స్ లేకుండానే దాటేసింది. ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులకు మించకూడదో చెప్పే చట్టం అక్కడ 2004 నుంచి అమల్లో ఉంది, నర్సుల యూనియన్ బలంగా ఉంది. టెక్సస్‌లో సంగతి వేరు. దేశంలో సగానికి పైగా రాష్ట్రాలు నర్స్ ప్రాక్టీషనర్‌కు డాక్టరు అజమాయిషీ లేకుండా పనిచేసే పూర్తి అధికారం ఇచ్చినా, టెక్సస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందే. సొంత క్లినిక్ పెట్టుకునే నర్సు ఆ సంతకానికి నెలనెలా డబ్బు కట్టుకోవాలి. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇది దృష్టిలో పెట్టుకోవాలి. ఇంకో చిక్కు పనిగంటలది. వార్డు నర్సుకు గంటల లెక్కన జీతం. వారంలో 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ (ఓటీ) వస్తుంది, నైట్ డ్యూటీకీ వీకెండ్‌కీ అదనం వస్తుంది. నర్స్ ప్రాక్టీషనర్‌కు ఎక్కువగా నెల జీతమే, చట్టరీత్యా ఓటీ వర్తించదు. రోగులందర్నీ చూశాక మిగిలిన చార్టింగ్ రాత్రి పదింటికి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పూర్తి చేస్తే ఆ గంటలకు పైసా రాదు. వారానికి పది గంటలు అలా పోతే, 1,29,210 డాలర్ల జీతం 40 గంటలకు కాదు, 50 గంటలకు పంచుకోవాలి. గంటకు 62 డాలర్లు అనుకున్నది 50 కింద పడుతుంది. ఓటీలు బాగా చేసే వార్డు నర్సు దాన్ని దాటగలదు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది డాక్టర్ల వైపు నుంచి వస్తుంది: మేం రెసిడెన్సీలో వేల గంటలు నలిగాం, మీవి కొన్ని వందలు, మరి 85 శాతం కూడా ఎక్కువే కదా? శిక్షణలో ఆ తేడా నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ మెడికేర్ పాటించే సూత్రం శిక్షణాకాలం కాదు. మూడేళ్లో అంతకన్నా ఎక్కువో అదనంగా శిక్షణ పొందిన గుండె డాక్టరుకూ, ఫ్యామిలీ డాక్టరుకూ 99214 కోడ్‌కు ఒకే రేటు. డాక్టర్ల మధ్య పనికే ధర కట్టి, నర్సు దగ్గరకు వచ్చేసరికి చదువుకు ధర కట్టడం న్యాయం కాదు. ఇక పని నాణ్యత గురించి సాక్ష్యం రెండు వైపులా ఉంది. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ముండింగర్ బృందం అధ్యయనం 1,316 మంది రోగులను లాటరీ పద్ధతిలో డాక్టర్లకూ నర్స్ ప్రాక్టీషనర్లకూ కేటాయించి చూసింది. ఆరు నెలల తర్వాత ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో డేవిడ్ చాన్, యికున్ చెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల రికార్డులు పరిశీలించి, నర్స్ ప్రాక్టీషనర్లు చూసిన రోగులు సగటున ఎక్కువసేపు అక్కడే ఉండాల్సి వచ్చిందనీ, తర్వాత నివారించదగ్గ అడ్మిషన్లు కూడా పెరిగాయనీ చూపించారు. అదే అధ్యయనం ఒక వృత్తిలోని మనుషుల మధ్య తేడా, రెండు వృత్తుల మధ్య తేడా కన్నా పెద్దదని కూడా చూపించింది. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది: క్లినిక్‌లో దీర్ఘకాలిక జబ్బుల పనికి సమాన ధర అడగడానికి ఆధారం ఉంది, ఎమర్జెన్సీ వంటి చోట కొత్తగా చేరేవాళ్లు మాత్రం మొదటి ఏడాది జీతం కొంచెం తగ్గినా సరే, పక్కన నిలబడి నేర్పే మనిషి ఉన్న ఉద్యోగాన్నే ఎంచుకోవాలి. రోగి క్షేమం కోసమే కాదు, మూడో ఏడాది మీ బేరానికి బలం ఇచ్చేది కూడా ఆ నైపుణ్యమే.

"నర్స్ ప్రాక్టీషనర్లు మరీ ఎక్కువైపోయారు, ఇక ఉద్యోగాలుండవు" అనే భయం ఇంకొకటి. లైసెన్స్ ఉన్నవాళ్లు నాలుగు లక్షలు దాటిన మాట నిజం. కార్మిక శాఖ అంచనా ప్రకారం 2024 నుంచి 2034 వరకు ప్రాక్టీషనర్, అనస్థటిస్ట్, మిడ్‌వైఫ్ ఉద్యోగాలు కలిపి 35 శాతం పెరుగుతాయన్నదీ నిజమే. ఈ పెరుగుదల అన్ని చోట్లా ఒకేలా జరగదు. పెద్ద నగరంలో, ఫ్యామిలీ విభాగంలో, అనుభవం లేకుండా ఉద్యోగం వెతికేవాళ్ల వెనుక పొడుగాటి వరసే ఉంటుంది. మానసిక వైద్యంలోనో, గంటన్నర దూరంలోని చిన్న ఊళ్లోనో ఆసుపత్రి వాళ్లే ఫోన్లు చేస్తారు. మన వాళ్లు గుడికీ, తెలుగు సంఘానికీ, పిల్లల సంగీతం క్లాసులకూ దగ్గరగా ఉండాలని నగరాన్ని వదలరు. అది అర్థం చేసుకోదగ్గ కోరికే. దాని ఖరీదు ఎంతో తెలిసి చెల్లిస్తే ఇబ్బంది లేదు.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం లోపలి నుంచి వస్తుంది. సేవాభావంతో వచ్చిన వృత్తిలో డబ్బు మాట ఎత్తడమేమిటి? గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి లాంటి మిషన్ ఆసుపత్రుల కాలం నుంచీ మన దగ్గర నర్సింగ్ అంటే త్యాగమనే పేరు పడిపోయింది, ఆ పేరు చెప్పి నర్సులకు ఎంత తక్కువ ఇచ్చినా చెల్లిపోయింది. భారతదేశంలో ప్రైవేటు నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు 2016లో జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కేంద్రం వేసిన కమిటీ 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, అతి చిన్న ఆసుపత్రిలోనైనా 20,000 రూపాయలకు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. అంత దాకా వచ్చిందంటే సేవ అన్న మాటను యాజమాన్యాలు ఎంతగా వాడుకున్నాయో ఊహించవచ్చు. తక్కువ జీతానికి ఒప్పుకున్నందువల్ల రోగి బిల్లు ఒక్క డాలరు కూడా తగ్గదు. 99214కు బీమా కంపెనీ కట్టేది కడుతూనే ఉంటుంది. మీరు అడగని భాగం క్లినిక్ ఖాతాలో మిగులుతుంది. జీతం గురించి తోటివాళ్లతో మాట్లాడకూడదని ఒప్పందంలో రాసినా, ప్రైవేటు సంస్థల్లో పనిచేసే చాలామంది ఉద్యోగులకు ఆ నిషేధం అమెరికా కార్మిక చట్టం ముందు నిలవదు. మీతో పాటు చేరిన సహోద్యోగిని "నీకెంత ఇస్తున్నారమ్మా?" అని అడగడం తప్పేమీ కాదు, మీకెంతో చెప్పడం ఆమెకు చేసే మేలు కూడా.

ఇక ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజు. చాలామంది చూపు మొదటి పేజీలోని జీతం మీదే ఆగిపోతుంది. నన్నడిగితే రెండో పేజీ నుంచి మొదలుపెట్టమంటాను. మాల్‌ప్రాక్టీస్ బీమా 'క్లెయిమ్స్ మేడ్' రకమైతే, ఉద్యోగం మానేశాక పాత కేసుల మీద వచ్చే దావాలకు రక్షణ కోసం 'టెయిల్' అనే అదనపు బీమా కొనాలి. దాని ఖర్చు ఎవరిదో రాసి ఉందా? మానేశాక ఎన్ని మైళ్ల పరిధిలో పనిచేయకూడదన్న షరతు ఉందా? రోజుకు ఎంతమంది రోగులు, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు, చార్టింగ్‌కు విడిగా సమయం ఉందా? కాల్ డ్యూటీకి డబ్బు ఉందా? మీ విజిట్లు ఎవరి నంబరు మీద బిల్లవుతాయి? ఈ చివరి ప్రశ్నకు "అది మా బిల్లింగ్ వాళ్లు చూసుకుంటారు" అని జవాబొస్తే, అక్కడే ఆగి మళ్లీ అడగండి. డాక్టరు నంబరు మీదే వేస్తామంటే, కనీసం మీరు చూసిన ప్రతి విజిట్‌నూ లోపలి లెక్కల్లో మీ పేరున రాయాలని ఒప్పందంలో పెట్టించండి.

ఆ లెక్క ఎందుకు అవసరమో ఒక రోజు పనితో చూపిస్తాను. మీరు రోజుకు 18 మందిని చూస్తారనుకుందాం. అందులో పది విజిట్లు తేలికైన 99213 కోడ్, ఎనిమిది 99214. వైద్య సేవలకు మెడికేర్ వాడే కొలతలో, ఆర్‌వీయూ అంటారు, మొదటి దానికి పని విలువ 1.30, రెండో దానికి 1.92. రోజుకు 28 పైచిలుకు. ఏడాదికి 220 పనిదినాలైతే 6,200 దాటుతుంది. డబ్బులోకి మారిస్తే, 99213కు 90 డాలర్లు, 99214కు 125 అనుకుని, అందులో 85 శాతమే వచ్చినా రోజుకు 1,615. ఏడాదికి 3,55,300. మీ జీతం 1,29,210, దాని మీద బీమా, పన్నులు, సెలవుల ఖర్చు పావు వంతు కలిపినా 1,61,000కు అటూ ఇటూ. మిగిలిందంతా లాభం అనుకోవడం అమాయకత్వం. అద్దె, మెడికల్ అసిస్టెంటు, కంప్యూటర్ వ్యవస్థ, వసూలు కాని బిల్లులు అన్నీ అందులోంచే పోవాలి. అవన్నీ పోయాక కూడా అయిదు వేలో పదివేలో పెంచడానికి చోటుందా లేదా అన్నది అంకెలతో మాట్లాడే విషయం అవుతుంది, మేనేజరు దయ మీద ఆధారపడదు. అందుకని చేరిన నెల నుంచే మీ ఆర్‌వీయూ రిపోర్టు మూడు నెలలకోసారి ఇవ్వమని ఈమెయిల్‌లో అడగండి. మీ దగ్గరా ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: తేదీ, చూసిన రోగుల సంఖ్య, కోడ్. పేర్లు గానీ రికార్డు నంబర్లు గానీ అందులో రాయొద్దు. రోగి గోప్యతా చట్టం గట్టిది. రెండు రిపోర్టులూ సరిపోలకపోతే ఏడాది ఆఖరి దాకా ఆగకుండా ఆ వారమే బిల్లింగ్ విభాగాన్ని అడగండి. కోడ్ తగ్గించి వేశారా, డాక్టరు పేరు మీదికి వెళ్లిందా, బీమా తిరస్కరించిందా అన్నది అప్పుడైతే తేలుతుంది, ఆరు నెలలు దాటాక తవ్వి తీసేవాళ్లుండరు.